డిప్రెషన్‌కి ఈసీటీ ఇస్తే ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది? వైజాగ్‌లో ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు

డాక్టరు "ఈసీటీ పెడదాం" అన్నాక, అంటే మత్తు ఇచ్చి తలకి కాస్త కరెంటు పంపే వైద్యం చేద్దాం అన్నాక, ఇంటివాళ్లకి మొదట వచ్చే భయం షాక్ ఇస్తే మనిషి ఏమైపోతాడో అని. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, ఎన్నాళ్లకి మళ్లీ మామూలు మనిషవుతాడని. మా అమ్మకి డిప్రెషన్ బాగా ముదిరినప్పుడు ఈ ఊళ్లోనే ఈసీటీ ఇప్పించాం. అప్పట్నుంచీ గాజువాక, అనకాపల్లి, విజయనగరం నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఇవే అడుగుతున్నారు, అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. అమ్మకి వైద్యం చేసినవాళ్లని అడిగి, పరిశోధనలు చదివి తెలుసుకున్నవే ఇవి. మీ మనిషి విషయంలో చివరి మాట మీ సైకియాట్రిస్టుదే.

ముందు సూటిగా చెప్పండి, ఎన్నాళ్లు పడుతుంది?

చాలామందిలో మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో తేడా మొదలవుతుంది. పూర్తిగా తేరుకోడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మొత్తం కోర్సు సాధారణంగా 6 నుంచి 12 సెషన్లు. అమెరికాలో 253 మంది తీవ్రమైన డిప్రెషన్ రోగులకి వారానికి మూడు చొప్పున ఈసీటీ ఇచ్చి చేసిన పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. అందులో 54 శాతం మందికి మూడో సెషన్ అయ్యేసరికే లక్షణాల తీవ్రత కనీసం సగానికి పడిపోయింది. ఆరో సెషన్‌కి మూడోవంతు మంది, పదో సెషన్‌కి 65 శాతం మంది జబ్బు దాదాపు పోయిన స్థితికి వచ్చారు, కోర్సు ముగిసేసరికి అది 75 శాతం అయింది. వారానికి రెండే ఇచ్చే చోట ఇదంతా క్యాలెండర్లో ఇంకాస్త సాగుతుంది కాబట్టి రోజులు లెక్కపెట్టుకుని టెన్షన్ పడకండి, సెషన్లు లెక్కపెట్టండి.

మాత్రలకి నెలన్నర ఆగమన్నారు, మరి దీనికి అంత వేగం ఎక్కడిది?

డిప్రెషన్ మాత్రలు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఒకటి పనిచేయకపోతే ఇంకోటి మార్చి మళ్లీ అన్ని వారాలు ఆగాలి. ఈసీటీలో మత్తు ఇచ్చి, తలకి అతి కొద్ది సేపు కరెంటు పంపి, మెదడులో ఫిట్స్ లాంటిది తెప్పిస్తారు. పనిచేసేది ఆ ఫిట్. దానివల్ల మెదడులో రసాయనాల తీరు మారుతుంది, నరాల కణాలు పెరగడానికి తోడ్పడే ప్రొటీన్లు పెరుగుతాయి, జ్ఞాపకాలకీ భావోద్వేగాలకీ సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం కోర్సు తర్వాత కాస్త పెద్దదవడం కూడా స్కాన్లలో చూశారు. వీటిలో డిప్రెషన్‌ని తగ్గించేది ఏదన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ నడుస్తోంది. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టిన వైద్యం ఇది. అప్పట్లో మత్తు ఇచ్చేవాళ్లు కాదు, ఈ వైద్యానికి వచ్చిన చెడ్డపేరులో ఎక్కువ భాగం అప్పటిదే.

అన్నం ముట్టని, నీళ్లు కూడా తాగని మనిషికి నెలన్నర ఆగే వ్యవధి ఉండదు. అలాంటి ఇంటికి ఈ వేగం ఎంత అవసరమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒక్క సెషన్‌తోనే తేడా కనిపిస్తుందా?

కొందరిలో కనిపిస్తుంది. ముఖ్యంగా మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయి ఉండే కాటటోనియాలో, ఒకటి రెండు సెషన్లకే నోరు తెరిచి మంచినీళ్లు అడిగినవాళ్లున్నారు. కానీ తొలి సెషన్ల తర్వాత వచ్చిన తేడా మర్నాటికో ఎల్లుండికో మళ్లీ జారిపోవచ్చు. రెండ్రోజులు బాగుండి మూడోరోజు మంచం దిగకపోతే వైద్యం ఫెయిలైందని అనుకోకండి, మొదటి రెండు వారాల్లో ఈ ఎగుడుదిగుడు మామూలే.

మొదట ఏం మారుతుంది? మేం ఏం గమనించాలి?

అందరూ మనసు బాగుపడిందా అని చూస్తారు, మొహంలో నవ్వు కోసం వెతుకుతారు. అది సాధారణంగా చివర్లో వస్తుంది. ముందు మారేవి నిద్ర, ఆకలి, కదలిక, మాట వేగం. ఇంకో సంగతి, తేడా రోగి కంటే ముందు ఇంటివాళ్లకే కనబడుతుంది.

మా అమ్మ రోజంతా హాల్లో కుర్చీలో కూర్చుని చీర కొంగు అంచుని వేళ్లతో నలుపుతూ ఉండేది, అంచు దారాలు ఊడిపోయేదాకా. రెండో వారంలో ఒకరోజు ఆ వేళ్లు ఊరికే ఒళ్లో ఉన్నాయి. నాన్న గమనించి, సైగ చేసి నాకు చూపించారు. ఆ సాయంత్రం తనంతట తనే "గ్యాస్ బుక్ చేశారా?" అని అడిగింది, నెలల తర్వాత ఇంటి గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. మర్నాడు డాక్టరు అడిగితే మాత్రం "నాకేం తగ్గలేదు బాబూ" అనే చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు, లోపల ఆమెకి ఇంకా అలాగే ఉంది. డాక్టరు ఆమె మాటా విన్నారు, మేం రాసుకున్న నోట్‌బుక్కూ చూశారు, అప్పుడే నిర్ణయం తీసుకున్నారు.

అందుకే రోజూ రాయండి. ఎన్ని గంటలు పడుకున్నారు, పూటకి ఎన్ని ఇడ్లీలు తిన్నారు, స్నానానికి తమంతట తామే లేచారా మనం లేపాల్సి వచ్చిందా, అడక్కుండా ఏమైనా మాట్లాడారా, ఈ నాలుగూ చాలు. "ఎలా ఉంది? తగ్గిందా?" అని పూటకోసారి అడక్కండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోవడమే వాళ్లని ఇంకా కుంగదీస్తుంది.

చచ్చిపోవాలనే ఆలోచనలు ఎప్పటికి తగ్గుతాయి?

ఈసీటీని ముందుకు తేవడానికి పెద్ద కారణమే ఇది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, వైద్యం మొదలయ్యే ముందు ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్న 131 మందిని చూశారు. మూడు సెషన్లకి 38 శాతం మందిలో ఆ ఆలోచనలు పూర్తిగా పోయాయి, ఆరు సెషన్లకి 61 శాతం మందిలో, కోర్సు చివరికి దాదాపు 81 శాతం మందిలో.

అయితే ఒక జాగ్రత్త ప్రతి ఇంట్లోనూ తీసుకోవాలి. ఒంట్లో ఓపిక ముందొచ్చి, మనసులో చీకటి ఇంకా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. లేచి తిరుగుతున్నారు కదా అని ఒంటరిగా వదిలేసేది సరిగ్గా అప్పుడే, ప్రమాదం ఉండేదీ అప్పుడే. మాత్రల డబ్బాలు, పురుగుల మందు లాంటివి తాళం వేసి పెట్టండి, తోడు ఉండండి, డాక్టరు చెప్పేదాకా ఈ కాపలా సడలించొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి, నెమ్మదిగా సూటిగా అడగండి. ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఫోన్లతో ఆగకుండా దగ్గర్లోని క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

వారానికి రెండు మంచిదా, మూడా?

మూడు ఇస్తే కాస్త త్వరగా తగ్గుతుంది, మతిమరుపూ ఎక్కువ ఉంటుంది. రెండు ఇస్తే నెమ్మదిగా తగ్గుతుంది, చివరికి చేరేది దాదాపు అక్కడికే. కరెంటు పెట్టే చోటు విషయమూ ఇంతే. రెండు కణతల మీదా పెడితే తొలి వారాల్లో వేగం ఎక్కువ, కుడివైపు మాత్రమే పెడితే జ్ఞాపకాలకి ఇబ్బంది తక్కువ. కరెంటుని మరీ పొట్టి పొట్టి తునకలుగా (అతి చిన్న పల్స్) పంపితే ఇబ్బంది ఇంకా తగ్గుతుంది గానీ సెషన్లు కొన్ని ఎక్కువ కావచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టర్లు వేగాన్ని ఎంచుకుంటారు, వ్యవధి ఉంటే జ్ఞాపకాలని కాపాడే పద్ధతిని. మీవాళ్లకి ఏ పద్ధతి, ఎందుకు అని తప్పకుండా అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఎవరికి త్వరగా తగ్గుతుంది, ఎవరికి ఆలస్యమవుతుంది?

డిప్రెషన్‌తో పాటు భ్రమలు ఉన్నవాళ్లకి, "నా పేగులు కుళ్లిపోయాయి", "నా పాపం వల్లే ఇల్లు నాశనమైంది" అని గట్టిగా నమ్మేవాళ్లకి ఈసీటీ చాలా బాగా పనిచేస్తుంది. చూడ్డానికి వీళ్లే అందరికంటే భయం పుట్టించేలా ఉంటారు, తేరుకునేది కూడా వీళ్లే ఎక్కువ. వయసు మళ్లినవాళ్లలోనూ ఫలితం బాగుంటుంది. జబ్బు ఏళ్ల తరబడి సాగినవాళ్లకి, చాలా రకాల మందులు వాడినా తగ్గనివాళ్లకి అవకాశాలు కొంత తక్కువ, అయినా వీళ్లలోనూ సగం మంది దాకా మేలు పొందుతారు.

ఆరు అయిపోయాయి, ఏమీ తేడా లేదు. ఆపేయాలా?

ఆరు దగ్గర ఆపడం తొందరపాటు. ఆ దశలో డాక్టర్లు మార్చి చూసేవి ఉంటాయి. కుడివైపు నుంచి రెండు వైపులకి మారడం, కరెంటు మోతాదు పెంచడం, ఫిట్ సరిగ్గా వస్తోందా అని ఈఈజీలో (మెదడులోని విద్యుత్ తరంగాలు చూపే పరీక్షలో) చూడడం. మీరు చూడాల్సింది మందుల సంచీ. క్లోనజిపామ్, లోరజిపామ్ లాంటి నిద్రమాత్రలు, వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందులు ఫిట్ రాకుండా అడ్డుపడతాయి. ఎప్పుడో వేరే డాక్టరు రాసిన నిద్రమాత్ర ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఈసీటీ ఇచ్చే డాక్టరుకి ఆ సంగతే తెలియదు. వాడుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పూ తీసుకెళ్లి చూపించండి, మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. పది పన్నెండు సెషన్లయినా కదలిక లేకపోతే అప్పుడు వేరే దారి మాట్లాడాలి.

ఆ ఉదయం ఏం జరుగుతుంది? నొప్పి ఉంటుందా?

నొప్పి తెలియదు. మత్తు డాక్టరు చేతి నరంలోకి ఇంజెక్షన్ ఇస్తారు, నిమిషంలోపే నిద్రపోతారు. తర్వాత కండరాలు వదులయ్యే మందు ఇస్తారు, అందుకే సినిమాల్లో చూపించినట్టు ఒళ్లు ఎగిరిపడదు, కాలి వేళ్లు కాస్త కదులుతాయి, అంతే. పళ్లకి దెబ్బ తగలకుండా నోట్లో మెత్తటిది పెడతారు, ఆక్సిజన్ ఇస్తూనే ఉంటారు. కరెంటు వెళ్లేది కొన్ని సెకన్లు, ఫిట్ ఉండేది సాధారణంగా 20 నుంచి 60 సెకన్లు. పది పదిహేను నిమిషాల్లో కళ్లు తెరుస్తారు. ఆ తర్వాత తలనొప్పి, దవడ నొప్పి, వికారం రావచ్చు, ఎక్కడున్నామో ఎందుకొచ్చామో కాసేపు తెలియకపోవచ్చు.

పరగడుపున రావాలన్నది చాలా ముఖ్యం. రాత్రి భోజనం తర్వాత ఇంకేమీ తినకూడదు. తెల్లారగట్ల బయల్దేరి, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, నీరసంగా ఉన్న మనిషిని చూసి జాలేసి ఎవరో ఒకరు కాఫీ పట్టిస్తారు. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం, అందుకే కాఫీ తాగారని తెలిస్తే ఆ రోజు సెషన్ రద్దు చేస్తారు. పొరపాటున ఇచ్చేసి ఉంటే దాచకుండా చెప్పండి. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, షుగర్ మందు మాత్రం సాధారణంగా ఆపమంటారు, ముందురోజే అడిగి రాసుకోండి.

జ్ఞాపకశక్తి పోతుందటగా?

ఇక్కడ పూర్తి నిజం చెప్పాలి. కోర్సు నడిచే రోజుల్లో కొత్త విషయాలు గుర్తుండవు, పొద్దున ఎవరొచ్చారో సాయంత్రానికి మరిచిపోతారు. ఇది తాత్కాలికం. 84 పరిశోధనలని కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో తగ్గుదల ముఖ్యంగా తొలి మూడు రోజులకే పరిమితమైందని, రెండు వారాలు దాటాక చాలా అంశాల్లో వైద్యానికి ముందుకంటే మెరుగ్గా ఉన్నారని తేలింది. డిప్రెషన్ కూడా మతిని మందగింపజేస్తుంది, అది తొలగడం వల్ల ఆ మెరుగు.

రెండో రకం మరుపు వేరు. వైద్యానికి ముందరి వారాలు, నెలల్లో జరిగిన సొంత జీవితపు సంగతులు కొన్ని చెరిగిపోతాయి. చాలావరకు తిరిగొస్తాయి, కొన్ని రావు. మా అమ్మకి ఆ ఏడాది శ్రీకాకుళంలో జరిగిన మా చిన్నాన్న కూతురి పెళ్లి గుర్తులేదు, ఫోటోలో తననే చూసుకుని "ఈ చీర ఎప్పుడు కట్టాను?" అంటుంది. అది మాకు బాధగానే ఉంటుంది. కానీ ఆమె చేతి చేపల పులుసులో చింతపండు పాళ్లు ఎప్పటిలాగే కుదురుతాయి, మనవడికి ఎక్కాలు చెప్తుంది. ఈ మరుపు గురించి ముందే చెప్పకపోతే తర్వాత కుటుంబానికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమే. కోర్సు మొదలయ్యే ముందు బ్యాంకు పాస్‌వర్డులు, ముఖ్యమైన కాగితాలు ఎక్కడున్నాయో ఒకచోట రాయించి పెట్టుకోండి.

తగ్గిపోయింది కదా, ఇక మందులెందుకు?

నా ఫోన్‌కి వచ్చే ప్రశ్నలన్నిట్లో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఈసీటీ ఎంత త్వరగా లేపుతుందో, వెనక ఏ ఆసరా లేకపోతే జబ్బు అంత త్వరగా తిరగబెడుతుంది. 2001లో అమెరికాలో, ఈసీటీతో తేరుకున్నవాళ్లని మూడు గుంపులు చేసి 24 వారాలు గమనించారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులో 84 శాతం మందికి డిప్రెషన్ తిరిగొచ్చింది. నార్ట్రిప్టిలిన్ అనే మందు వాడినవాళ్లలో 60 శాతం మందికి, దానితో పాటు లిథియం కూడా వాడినవాళ్లలో 39 శాతం మందికి. అంటే మందు వాడినా కొందరికి తిరగబెడుతుంది, మానేస్తే దాదాపు అందరికీ. మొక్కు తీర్చుకోడానికి సింహాచలం వెళ్లండి, మాత్రలు కూడా వెంట తీసుకెళ్లండి.

పదే పదే తిరగబెట్టేవాళ్లకి ఈసీటీనే ఎడం ఎడంగా కొనసాగిస్తారు. మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకి, ఆ తర్వాత నెలకి. అది చూసి వైద్యం విఫలమైందని అనుకోనవసరం లేదు, బీపీ మాత్ర రోజూ వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అంతే. పాత గుర్తులు కనిపిస్తే, నిద్ర తెల్లవారుజామునే తెగిపోవడం, కంచంలో అన్నం మిగలడం లాంటివి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

కెటమైన్ ఇంకా వేగం అంటున్నారు, నిజమేనా?

కెటమైన్ అనే మత్తుమందుని డిప్రెషన్‌కి కూడా వాడతారు, అది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో తేడా చూపిస్తుంది, నిజమే. 2023లో వచ్చిన అమెరికా పరిశోధనలో, భ్రమలు లేని మొండి డిప్రెషన్ ఉన్నవాళ్లలో కెటమైన్‌కి 55 శాతం, ఈసీటీకి 41 శాతం మంది స్పందించారు. 2022లో స్వీడన్ పరిశోధనలో ఆసుపత్రిలో చేరిన రోగుల్లో ఈసీటీదే పైచేయి, 63 శాతం మంది తేరుకుంటే కెటమైన్‌తో 46 శాతం. నాకు అర్థమైనంతవరకు, జబ్బు మరీ తీవ్రంగా, భ్రమలతో, అన్నం మానేసిన స్థితిలో ఉంటే ఇప్పటికీ ఈసీటీయే నమ్మకమైన దారి.

గుండెజబ్బు, గర్భం, పెద్ద వయసు ఉంటే?

గర్భిణికీ, ముసలివాళ్లకీ ఇవ్వొచ్చు, అవసరమైతే ఇస్తారు కూడా. గుండెజబ్బు, ఈమధ్య వచ్చిన పక్షవాతం, మెదడులో గడ్డ లాంటివి ఉంటే ముందు పరీక్షలు చేసి, లాభనష్టాలు బేరీజు వేస్తారు. ప్రాణాపాయం చాలా అరుదు, లక్ష సెషన్లకి సుమారు ఇద్దరు.

బలవంతంగా ఇస్తారా? చట్టం ఏం చెప్తోంది?

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. ఎమర్జెన్సీ వైద్యం పేరుతో ఈసీటీ ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకైతే సంరక్షకుల అంగీకారంతో పాటు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు ముందస్తు అనుమతి కావాలి. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

వైజాగ్‌లో ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు సంగతి?

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి కూడా జనం వస్తారు. గేటు దగ్గర ఎవరైనా చూస్తారేమో అని మొహం దాచుకోనక్కర్లేదు. ప్రైవేటులో అయితే సెషన్‌కి ఎంత, అందులో మత్తు డాక్టరు ఫీజు కలిసిందా విడిగానా, ముందు చేసే పరీక్షలకెంత అని మొదటే అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే గుర్తుంచుకోండి, ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ కవరేజీ ఇవ్వాలని అదే 2017 చట్టం చెప్తోంది. కాదంటే ఏ క్లాజు ప్రకారం కాదంటున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి.

బంధువులకి ఏం చెప్పాలి?

అందరికీ అన్నీ చెప్పాల్సిన పని లేదు. అడిగితే "మత్తిచ్చి చేసే వైద్యం, తగ్గుతోంది" అనండి. "షాకులు పెట్టించి పిచ్చిదాన్ని చేస్తున్నారు" అని రోగి ఎదుటే అనే పెద్దమ్మలూ మావయ్యలూ ఉంటారు, వాళ్లని కోర్సు అయ్యేదాకా గదిలోకి రానివ్వకండి. మేం రానివ్వలేదు, ఆ నిర్ణయం మంచిదే అయింది.

బండి నడపడం, డ్యూటీకి వెళ్లడం ఎప్పుడు?

కోర్సు నడిచినన్నాళ్లూ బండి ముట్టకూడదు. అయ్యాక కూడా డాక్టరు సరేననేదాకా, సాధారణంగా రెండు వారాలైనా ఆగాలి. ఆస్తి కాగితాల మీద సంతకాలు, అప్పులు, పెళ్లి సంబంధాల నిర్ణయాలు ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. షిఫ్టు డ్యూటీలో మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లు, స్టీల్‌ప్లాంట్‌లో అయినా పోర్టులో అయినా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకునే చేరండి. మొదటి నెల నైట్ షిఫ్ట్ లేకుండా చూడమని డాక్టరు చేత రాయించుకోండి, ఎందుకంటే నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.